పెనుకొండ హెడ్డు తాత

పోయిన వారం హిందూపురంలోని మా ఇంటికి ఒక కుర్ర కానిస్టేబులు వచ్చి, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల వివరాలు రాసుకుంటున్నామని, గుమ్మంలోనే నిలబడి నా పేరూ వయసూ ఫోనులోకి ఎక్కించుకున్నాడు. మంచివాడే. కాఫీ తాగి పొమ్మంటే ఇంకా చాలా ఇళ్లు తిరగాలన్నాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేసుకున్నాక, ఎన్నాళ్లుగానో తలచుకోకుండా తప్పించుకుంటున్న పెనుకొండ హెడ్డు తాత గుర్తుకొచ్చాడు. ఆ పూట పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లో పెళ్లికాని పిల్ల ఒంటరిగా గది తీసుకుని ఉద్యోగం చేస్తే వీధి వీధంతా ఎలా చెవులు కొరుక్కునేదో నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. నాది తాడిమర్రి దగ్గరి పల్లె. అమ్మ చిన్నప్పుడే పోయింది. భార్య పోయిన మేనమామకు నన్నిస్తానని వేరుశనగ చేనుగట్టు మీద నిలబడి మాటిచ్చేసిన నాయన, ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత చెప్పాడు. పెనుకొండ తాలూకాఫీసులో టైపిస్టుగా చేరమని ఉత్తర్వు రాగానే, ఎవరికీ చెప్పకుండా రేకు పెట్టె పట్టుకుని ధర్మవరంలో రైలెక్కేశాను.

మూడు వారాలకే నాయనా మామా వచ్చి, నన్నెవరో మాయమాటలు చెప్పి లేపుకుపోయారని పోలీసు స్టేషన్లో కాగితం ఇచ్చారు. కబురందితే వెళ్లాను. బల్ల దగ్గర నెరిసిన మీసాల హెడ్ కానిస్టేబులు ఉన్నాడు. ఊళ్లో అందరూ హెడ్డు తాత అనేవాళ్లు. మామను టీ తాగి రమ్మని బయటికి పంపి, నాకు నీళ్లిచ్చి, నీకేం కావాలమ్మా అని అడిగాడు. నన్నా మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. ఉద్యోగం చేసుకుంటానన్నాను.

ఆయన నాయన వైపు తిరిగాడు. “ఏమప్పా, నీ బిడ్డ యాడికీ తప్పిపోలేదు. సర్కారు ఉద్యోగం చేస్తాండాది. దీంట్లో కేసు యాడుండాది?”

నాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. తర్వాత నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు. మూడోది రాయడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది.

హెడ్డు తాతకు రిటైరయ్యే రోజొస్తే బజారు వాళ్లంతా కలిసి ఎస్సై దగ్గరికి వెళ్లి, ఆయన్ని పంపొద్దని అడిగారు. ఏ పేరు మీద ఉంచుకున్నారో నాకు తెలియదు గానీ, డెబ్బై దాటినా ఖాకీ చొక్కాతో, తొక్కలేని సైకిలు నెట్టుకుంటూ వీధులు తిరిగేవాడు. బావి నీళ్ల వంతు దగ్గర తలలు పగలగొట్టుకోబోయిన అన్నదమ్ములను స్టేషన్ అరుగు మీద కూర్చోబెట్టి, వాళ్లలో వాళ్లే మాట్లాడుకునేదాకా తాను వక్కలు నములుతూ ఊరకుండేవాడు. సాయంత్రం మా గడప దగ్గర ఆగి, ఏం వండుకున్నావు, జ్వరం తగ్గిందా, ఆఫీసులో ఎవరన్నా ఏమన్నా అంటున్నారా అని గుచ్చిగుచ్చి అడిగేవాడు. పోలీసు అలవాటు పోలేదని నవ్వుకునేదాన్ని.

పదహారేళ్లు అలా గడిచాక ఒక మధ్యాహ్నం ఆయన మా ఆఫీసుకే వచ్చాడు. నాయన పోయాడనీ, ముందురోజే దహనం కూడా అయిపోయిందనీ చెప్పాడు. నేను ఏడవలేదు. ఆయన బెంచీ మీద కూర్చుని మిగతాది చెప్పాడు.

“మీ నాయన నెలకొకసారి పాసింజరు బండిలో వచ్చేటోడు తల్లీ. మా పోలీసు స్టేషన్ అరుగు మీద కూచోని నీ సంగతులన్నీ అడిగి, మళ్ల బండికి పోయేటోడు. ఇల్లు చూపిస్తా రాప్పా అంటే, ఏ మొగం పెట్టుకోని పోదును అనేటోడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్న్యాడు.”

మా ఆఫీసు నుంచి ఆ అరుగు ఐదు నిమిషాల నడక. ఎందుకు దాచావని ఆయన మీద కేకలు వేశాను. ఏదో ఒక రోజు మీ నాయనే నా వెంట నీ ఇంటికి వస్తాడనుకున్నానమ్మా అన్నాడు, అంతే. ఆ తర్వాత కూడా ఆయన గడప దగ్గర ఆగేవాడు. నేను లోపలే ఉండిపోయేదాన్ని. కొన్ని నెలలకు ధర్మవరం బదిలీ అయితే, చెప్పకుండానే వెళ్లిపోయాను. ఆయన పోయిన సంగతి నాకు ఏడాది తర్వాత, ఎవరో వేరే మాటల మధ్య చెబితే తెలిసింది.

మొన్న బస్సెక్కి పెనుకొండ వెళ్లాను. స్టేషన్ కొత్త భవనం. అరుగు ఉన్నచోట మోటారు సైకిళ్లు నిలబెట్టారు. కంప్యూటరు ముందున్న అమ్మాయి కుర్చీ చూపించి, ఏం కంప్లైంటమ్మా అని మర్యాదగానే అడిగింది. చెప్పడానికి నా దగ్గర ఒక కంప్లైంటు ఉంది గానీ, అది నా మీదే. ఏమీ లేదమ్మా అని బయటికొచ్చాను. ఇప్పుడు ఎవరి క్షేమమైనా క్షణంలో తెలుసుకోవచ్చంటారు, నిజమే కావచ్చు. మాట్లాడుకోని ఇద్దరి మధ్య అన్నేళ్లు ఓపికగా నడిచే మనిషి మాత్రం మళ్లీ నాకు తారసపడలేదు. ఉన్న ఒక్కడికీ నేను తలుపు తీయలేదు.