లేజర్ తెచ్చిన అమ్మవారు

నా ఎడమ బుగ్గ మీద పుట్టుకతోనే పెద్ద ఎర్రమచ్చ ఉంది. పోయిన నెల, ముంబై కామాటిపురాలో ఒకే వరండాకు వరసగా గదులున్న మా చాల్‌లో ఎవరికీ చెప్పకుండా వెళ్లి లేజర్ చేయించుకున్నాను. రెండు వారాలు ఊదారంగు చుక్కలుంటాయనీ, బుగ్గకు ఏమీ రాయొద్దనీ డాక్టర్ చెప్పారు.

మర్నాడు కుళాయి దగ్గర పక్క గది బాలమ్మవ్వ నా ముఖం చూసి, బిందె కింద పెట్టి దండం పెట్టింది.

"తల్లి పోసింది బిడ్డా. ఇంట్ల పండుకోక నీళ్లకెందుకొచ్చినవ్?"

సాయంత్రానికి మా గుమ్మానికి వేపమండలు వేలాడాయి. వరండాలో ఒక్కరి కాళ్లకూ చెప్పుల్లేవు. అందరూ చూస్తుండగా అవ్వ పసుపు గిన్నెతో నా బుగ్గ వైపు వచ్చింది.

"ఇది తల్లి కాదవ్వా, లేజర్" అని అరిచి, దాచిందంతా చెప్పేశాను. అవ్వ ఎందుకైనా మంచిదని పసుపు నా పాదాలకు రాసింది.

చుక్కలు పోయాయి, మచ్చ కాస్త పలచబడింది. చాల్‌లో ఉన్నవాళ్లకు బుగ్గ కూడా సొంతం కాదని తెలిసొచ్చింది. వచ్చే వారం రెండో సిట్టింగ్ అనగానే అవ్వ అడిగింది:

"ఈసారి తల్లి ఏ దినం వస్తదన్నడు డాక్టరు? ఆ హఫ్తా వరండాల ఎవ్వల్ని చేపలు వండనియ్య."