అత్తా నేనూ కొండ దాటించిన మనిషి

మా ఊరి మగవాళ్ళు కొండెక్కిన ఏడాదికి నాకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. నా మొగుడు మా మేనత్త కొడుకే. ఊరి పెద్దాయన ఇంట్లో ట్రాక్టరు తోలేవాడు. మాది గండికోట కొండలకు దక్షిణం వైపున్న పల్లె. మేము చర్చి వీధి వాళ్ళం. ఊళ్ళో భూములు పెద్దాయన వాళ్ళవి, పార్టీ కూడా వాళ్ళదే. ఎదుటి పార్టీ పక్క ఊళ్ళో ఉండేది. జమ్మలమడుగుకు పోవాలంటే ఆ ఊరి నడిబజారు మీదుగానే పోవాలి.

ఎన్నికలు ముగిసిన కొన్నాళ్ళకు ఆ దారిలో ఎదుటి పార్టీ మనిషి జీపును ఆపి, బాంబులేసి అతన్ని చంపారు. ఆ పొద్దు నా మొగుడు ట్రాక్టరు గేర్‌బాక్సు బాగు చేయించడానికి ప్రొద్దుటూరులో మెకానిక్కు షెడ్డు దగ్గర ఉన్నాడు. సాయంత్రం నూనె మరకల చొక్కాతో ఇంటికొచ్చి, జరిగిన సంగతి మా నోటనే విన్నాడు. అయినా కేసులో అతని పేరు కూడా రాయించారు. పెద్దాయన ఇంటి గడప తొక్కే మగవాళ్ళందరి పేర్లూ రాయించారు. అప్పట్లో మా వైపు అది మామూలే. చంపింది ఎవరన్నది కాదు, ఊళ్ళో ఎవరు మిగలకూడదన్నదే లెక్క.

పెద్దాయన కబురు పంపాడు. "కొన్నాళ్ళు కొండ మింద ఉండండప్పా. నేను లాయరుతో మాట్లాడతాండా" అని. ఆయన మాత్రం అదే రోజు బెంగళూరుకు వెళ్ళిపోయాడు.

పోలీసులు వచ్చి ఇళ్ళల్లో మగవాళ్ళు దొరక్క, ముసలివాళ్ళను కొట్టి పోయారు. ఊరి బయట కల్వర్టు మీద ఎదుటి పార్టీ మనుషులు కూర్చునేవాళ్ళు. అత్తా నేనూ కట్టెలకు పోయినట్టు తాడు, కొడవలి పట్టుకుని, కొంగులో రొట్టెలూ ఊరిబిండి పచ్చడీ దాచుకుని కొండెక్కేవాళ్ళం. మొదట్లో పైన చాలామంది ఉన్నారు. మా మాదిరే కట్టెలకని వచ్చే ఆడవాళ్ళూ ఉన్నారు. తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోయారు. కొండకు అవతల వైపు జీపు వచ్చి పెద్దాయన దాయాదులనూ బావమరుదులనూ ఎక్కించుకుపోయింది. నా మొగుడు వెంట పరిగెత్తితే, "ఇంగొక ట్రిప్పుకు వస్తాంలే, ఈడనే ఉండు" అన్నారంట. ఆ జీపు మళ్ళీ రాలేదు.

నేను చెప్పబోయే రోజున మేము కొండెక్కేసరికి ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. ఆ కొండ దూరానికి నున్నగా కనపడుతుంది కానీ, పైకి పోయేకొద్దీ కాలు పెట్టిన ప్రతి పలకరాయీ కదులుతుంది. రెండు అడుగులు వేస్తే ఒక అడుగు కిందికి జారుతాం. పట్టుకుందామంటే ముళ్ళకంపలు తప్ప ఏమీ ఉండవు. అత్త ముందు, నేను వెనక. ఆమె చెప్పు తెగితే దాన్ని అక్కడే వదిలేసి నడిచింది.

గవి దగ్గరికి పోయి పిలిస్తే పలుకు లేదు. ఒక బండ కింద గుహలాంటి సందు అది. లోపల నా మొగుడు మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని పడి ఉన్నాడు. అంత ఎండలో పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. కళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. పక్కన నీళ్ళ క్యాను ఖాళీగా దొర్లి ఉంది. నేను భుజం పట్టుకుని ఊపితే నన్ను చూసి, "జీపు వచ్చిందా?" అన్నాడు.

అత్త కింద కూలబడి కొడుకు తలను ఒళ్ళో పెట్టుకుంది. మేము తెచ్చిన క్యానులోని నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది. అతను తాగినవి తాగినట్టే కక్కేశాడు.

"మ్మేయ్, ఈడ ఉంటే రేపటికి వీడుండడు" అంది నాతో.

"ఊర్లోకి తీస్కపోదామా అత్తా?"

"ఊర్లోకి పోతే కల్వర్టు కాడోల్లు వదుల్తారా? వాల్లు వదిల్నా పోలీసోల్లు ఈ ఒంటిని కొడ్తే బతుకుతాడా?"

"మరి యాడికి?"

ఆమె తూర్పు వైపు చేయి చూపించింది. "జమ్మలమడుక్కు. కొండ మిందనే పోదాం. చిన్నప్పుడు మాయమ్మతో కొట్టం కప్పను బోద కోసకరాను వస్తాంటిమి. ఆ పక్క దిగితే రోడ్డే. ఆస్పత్రిలో పడేస్తే పదిమంది సూస్తాంటారు. అందరి ముందర పట్టకపోనీ, ఏమన్నా సేసుకోనీ."

చెరో పక్క చేతులు మెడ మీద వేసుకుని లేపాం. అతను సన్నటి మనిషే, కానీ సగం స్పృహలో ఉన్న ఒంటి బరువు వేరు. చదునైన బండల మీద ముగ్గురం పక్కపక్కన నడిచేవాళ్ళం. సందుల్లో అత్త ముందు నడిచి చేయి అందిస్తే, నేను వెనకనుంచి నడుం పట్టుకుని తోసేదాన్ని. చలి విడిచి కాక పట్టినప్పుడు అతని ఒళ్ళు ఆనుకుంటే నా చేయి కాలేది. కనపడిన ప్రతి నీడలోనూ కూర్చునేవాడు. కూర్చున్న ప్రతిసారీ లేపడానికి మునుపటికన్నా కష్టమయ్యేది. మిగిలిన నీళ్ళు అతని పెదాలు తడపడానికే సరిపోయాయి. అత్తా నేనూ ఆ క్యాను వైపు చూడకుండా నడిచాం.

ఎండిపోయిన వంక ఒకటి దాటాక అత్త నిలబడి అటూ ఇటూ చూసింది. "ఈడ ఒక రేగుచెట్టు ఉండాల్సింది" అంది. నాలుగైదు చోట్ల రేగుచెట్లు ఉన్నాయి. ఆమె ఒక వైపు నడిచింది, మేము వెనకే నడిచాం. చాలా దూరం పోయాం. బండలు ఎర్రబడ్డాయి, పెద్దవయ్యాయి, ఉన్నట్టుండి ముందర ఏమీ లేకుండా పోయింది.

అది పెన్నా లోయ. గోడ కట్టినట్టు నిలువుగా దిగిపోయిన బండ. అడుగున, మనిషి చేతికి ఎన్నటికీ అందనంత కింద, ఆకుపచ్చగా నీళ్ళు. ఇప్పుడు ఆ చోటికి పట్నాల నుంచి పిల్లలు వీపున సంచులు తగిలించుకుని వచ్చి, టెంట్లు వేసుకుని ఫోటోలు తీసుకుంటారు. మాకు ఆ పొద్దు అక్కడ కనపడింది నీళ్ళొక్కటే. నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంటే, అంత నీటిని కళ్ళతో చూడటం ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

"దారి తప్పినాం" అంది అత్త. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

నా మొగుడు మా చేతుల్లోంచి జారి బండ మీద కూర్చున్నాడు. అప్పటిదాకా లేని తెలివి అతనికి అప్పుడొచ్చింది. "నన్నీడ ఇడిసిపెట్టి పోండి. నాకోసరం మీరెందుకు సచ్చేది" అన్నాడు. అని, కూర్చున్నచోటి నుంచే అంచు వైపు ఒంగాడు. కింద నీళ్ళు చూడాలని ఒంగాడో, ఇంకేమనుకున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు, అతనూ చెప్పలేదు. నేను చొక్కా వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుని లాగాను. గుండీలు తెగిపోయాయి. ఇద్దరం వెనక్కి పడ్డాం.

అత్త వచ్చి కొడుకు చెంప పగలగొట్టింది. మరుక్షణమే అతన్ని కరుచుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కట్టెల తాడు విప్పి, ఒక కొస అతని నడుముకూ, ఇంకొక కొస తన నడుముకూ కట్టి బిగించింది.

"ఇంగ పడితే నన్ను గూడా లాక్కోని పడు" అంది. "లెయ్."

వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. ఎండ నడినెత్తి దాటింది. నా కళ్ళ ముందు బండలు అలల్లాగ కదులుతున్నాయి. అత్త అరికాలి నుంచి నెత్తురు కారి రాళ్ళ మీద మచ్చలు పడుతున్నాయి. నా కొంగు చింపి కట్టాను. ఆమె పెదాలు ప్రార్థన చేస్తూనే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. నాకు ప్రార్థన కూడా రాలేదు. ముగ్గురిలో ఎవరు ముందు పడిపోతారు, మిగిలిన వాళ్ళు అప్పుడేం చేస్తారు అన్న ఆలోచన తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

అప్పుడు గొర్రెల మెడగంటలు వినపడ్డాయి. మేము ఒక బండ చాటుకు పోయేలోపే మంద మా చుట్టూ చేరింది. దాని వెనక నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. నడివయసు మనిషి, భుజాన గొంగడి, చేతిలో కర్ర. అత్త నా చేయి గట్టిగా నొక్కింది. అతనిది పక్క ఊరు, ఎదుటి పార్టీ ఊరు. సంతలో చాలాసార్లు చూసిన ముఖమే.

అతను నా మొగుణ్ణి పైనుంచి కిందదాకా చూశాడు. నడుముకున్న తాడును చూశాడు. అతనొక్క కేక వేస్తే కింద చేలల్లో ఉన్న వాళ్ళకు వినపడుతుంది. మేము పరిగెత్తలేం. నేను కొడవలి పిడి మీద చేయి వేశాను కానీ, దాన్ని ఎత్తే సత్తువ నాలో లేదు.

"ట్రాక్టరు తోలేటాయన గదా ఈయప్ప" అన్నాడు.

అత్త చేతులు జోడించింది. "వీడు ఆ పొద్దు ఊర్లోనే లేడప్పా. నీకు పున్యముంటాది. ఒక్క గుక్క నీల్లు."

అతను తన భుజానికున్న నీళ్ళ సీసాను ముట్టుకున్నాడు, మళ్ళీ చేయి వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ చూశాడు. అతనికీ భయమే అని నాకు అప్పుడు తెలిసింది. మాకు నీళ్ళు పోశాడని ఊళ్ళో తెలిస్తే, అతని మంద కూడా మిగలదు.

"నేను మిమ్మల్ని సూల్లేదు" అన్నాడు, మా వైపు కాకుండా గొర్రెల వైపు చూస్తూ. "మీరు నన్ను సూల్లేదు. జీవాలు దొన కాటికి నీల్లకు పోతాండాయి. ఆడ్నించి రోడ్డు పక్కకు దిగుతాయి. వాటెనకమ్మడి ఎవురన్నా నడిస్తే నాకేం తెలుస్తాది."

అని మందను అదిలించి, మాకు దూరంగా వెనక ఉండిపోయాడు.

మేము గొర్రెల వెంట నడిచాం. అవి ఒక చీలికలోకి దిగాయి. అక్కడ బండ గుంటలో వాననీళ్ళు అడుగంటి పచ్చగా ఉన్నాయి. దొన అంటే అదే. గొర్రెలు మూతులు పెట్టి తాగుతుంటే వాటి మధ్యలోకి దూరి, కొంగు పరిచి వడకట్టి, దోసిట పట్టి తాగాం. పెంటికలూ పాచీ వాసన. నా మొగుడు ఆ నీళ్ళు కక్కలేదు. అత్త అతని తల తడిపి, ముఖం కడిగి, చివరికి తను తాగింది.

దిగుడు ఎక్కుడుకన్నా అన్యాయం. గొర్రెలకు సరిపోయే దారి మనుషులకు సరిపోదు. కూర్చుని, చేతులు వెనక్కి పెట్టి, పిర్రల మీద జారుతూ దిగాం. అత్త పైన బండకు కాళ్ళు తన్నిపెట్టి తాడు పట్టుకుంటే, నేను కింద నిలబడి అతని పాదాలను ఒక్కొక్క మెట్టు మీద పెట్టాను. ఒకచోట రాయి ఊడి నా మోకాలి మీద పడింది. అతని పాదం మాత్రం వదల్లేదు. కాపరి కనపడలేదు. ఎక్కడో పైన అతని గదమాయింపు మాత్రం వినపడుతూనే ఉంది.

పొద్దు వాలే వేళకు రోడ్డు మీద పడ్డాం. ఎర్రగుంట్ల వైపు నుంచి బండల లోడుతో వచ్చిన లారీ ముందు అత్త అడ్డంగా నిలబడింది. డ్రైవరు తిట్టడానికి నోరు తెరిచి, మా వాలకం చూసి తలుపు తీశాడు. "ఏంది పెద్దమ్మా, ఏమైంది?" అంటే, "జరమప్పా, శానా జరం" అని మాత్రం అంది.

ఆసుపత్రిలో సూది వేసి సెలైను ఎక్కించారు. మలేరియా అన్నారు, ఇంకొక రోజు ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదన్నారు. పేరు అడిగితే అత్త ఉన్న పేరే చెప్పింది. పొద్దున్నే పోలీసులొచ్చారు. పదిమంది రోగుల ముందు కొట్టలేదు. ఒక చేతికి సెలైను, ఇంకో చేతికి బేడీ. ఆ బేడీ మంచానికి వేసి ఉంది. అత్త ఆ మంచం కింద నేల మీద, కట్లు కట్టిన కాళ్ళు చాపుకుని నిద్రపోయింది. కొండ మీద కన్నా అక్కడ భయం తక్కువగా ఉంది. అంత మాత్రానికే మేము తృప్తిపడ్డాం.

తర్వాత కడప జైలు. పెద్దాయన పంపుతానన్న లాయరు రాలేదు. నా గాజులు అమ్మి మేమే ఒకాయన్ని పెట్టుకున్నాం. నా మొగుడికి జైల్లో మళ్ళీ మళ్ళీ జ్వరం వచ్చి, మేము ములాఖత్తుకు పోయినప్పుడల్లా మునుపటి కన్నా చిన్నగా కనపడేవాడు. కొన్నేళ్ళకు రెండు పార్టీల పెద్దలూ రాజీ పడ్డారు. ఒకే వేదిక ఎక్కి ఒకే దండలో తలలు దూర్చారు. సాక్షులు మాకేమీ తెలియదన్నారు, కేసు కొట్టేశారు. అప్పటికి మాకు చేను లేదు, పని లేదు, ఊళ్ళో మా ఇంటి పైకప్పు దంతెలు కూడా ఎవరో పీక్కుపోయారు.

మేము పులివెందులకు మారాం. అక్కడ ఎవరికీ మేము ఎవరమో తెలియదు కదా అన్న ఆశ. నా మొగుడు అరటితోటల్లో గెలలు మోసే పనికి కుదిరాడు. అత్తకు అరికాలి పుండు మానలేదు. గుమ్మంలో మంచమేసుకుని ఉండేది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఒక పొద్దున నలుగురు పార్టీ మనుషులు మా అద్దె ఇంటి ముందు ఆగారు. ఒకతను మా ఇంటి చూరుకు జెండా కట్టబోతూ, అందక ఎగురుతున్నాడు. మమ్మల్ని అడగాలని కూడా వాళ్ళకు తోచలేదు. నా మొగుడు గడపలో నిలబడి చూశాడు. వద్దంటాడేమో అనుకున్నాను. వద్దనాలనే నాకు ఉంది. అంటే ఏమవుతుందో అన్న భయమూ ఉంది.

అతను లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి వేశాడు. ఆ మనిషి దాని మీద ఎక్కి జెండా కడుతున్నంతసేపూ, పడిపోకుండా స్టూలును రెండు చేతులతో పట్టుకున్నాడు.

అత్త గోడ వైపుకు తిరిగి పడుకుంది.