దుమ్ము మెషీన్‌కు పంచె

మా నాన్నకు హన్మకొండలో బట్టల దుకాణం. ఇంట్లో ఏ వస్తువూ కప్పకుండా ఉంటే ఆయనకు ప్రాణం ఒప్పదు. రిమోట్‌కు కవరు, మిక్సీకి గౌను, సోఫాకు కొన్ననాటి ప్లాస్టిక్ అలాగే. అలాంటి మనిషి డాబా మీద దుమ్ము కొలిచే మెషీన్ పెట్టించిన మా సందు కమిటీ తెలివికి దండం పెట్టాలి!

సందు చివర రైస్ మిల్లుంది. ఊక కాల్చిన బూడిదంతా మా ఇళ్ల మీదే పడుతుంది. అమ్మను దగ్గు పట్టుకుని వదలడం లేదు. సందువాళ్లమంతా దరఖాస్తు పెడితే కాలుష్యం ఆఫీసు నుంచి ఒక సారు వచ్చి, మా డాబా మీద మెషీన్ బిగించి, జాగ్రత్తగా చూసుకోమని అప్పగించి వెళ్లాడు. దుమ్ము ఎక్కువని తేలితే మిల్లు గొట్టానికి ఫిల్టర్ పెట్టాల్సిందే. అమ్మ ఆశంతా దాని మీదే. మెట్లెక్కితే ఆమెకు ఆయాసం కాబట్టి పైకి వెళ్లి చూసే పని నాన్న తీసుకున్నాడు.

నెల తర్వాత మెషీన్ లెక్క చెప్పే మీటింగ్‌కు సందంతా కదిలింది. మిల్లు యజమాని కూడా భార్యతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. సారు కాగితాలు తిరగేసి, "మీ దగ్గర గాలి చాలా బాగుందండీ" అన్నాడు. అమ్మ ముఖం వాడిపోయింది.

నాన్న మాత్రం సంబరంగా లేచాడు. "ఉండదా సారూ! రోజు పొద్దుగాల మంచిగ తుడిచి, తెల్ల పంచె కప్పుతాన. సర్కార్ సామాన్ ఖరాబ్ అయితే ఎట్ల?"

అందరూ గొల్లున నవ్వారు. నేను కుర్చీ కింద దూరిపోదామా అనుకున్నాను. అమ్మకు ఒళ్లు మండిపోయింది.

"మీ కప్పుడు పాడుగాను! నేను దగ్గి దగ్గి సస్తాంటే దానికి పంచె కడ్తరా?"

మళ్లీ కొలవాలన్నాడు సారు. యజమాని ఒప్పుకోలేదు. "ఈళ్ల ఇంటి మీద వద్దు సారూ. ఈసారి బూడిద తెచ్చి దాంట్లనే పోస్తరు!"

మా డాబా మీదంటే మా డాబా మీదని ఒక్కొక్కరే లేచారు. యజమాని అందరికీ అడ్డంగా తల ఊపాడు. సారుకు విసుగొచ్చింది. "మరి ఎవరింటి మీద పెట్టమంటారు?"

"మా ఇంటి మీద పెట్టుండ్రి. మిల్లు ఎనుకనే ఉన్నది."

లేచి నిలబడింది యజమాని భార్య. "నీకేం తెలుసు, కూసో" అన్నాడాయన. ఆమె కూర్చోలేదు.

"నేను గూడ దగ్గుతాన సారూ. మా ఇంట్ల ఎవ్వలకు ఇనవడ్తలేదు."