పేరులేని పార్టిషన్

అప్పట్లో దేశ రాజధానిలోని కటవారియా సరాయ్‌లో అద్దెగదిలో ఉండి సివిల్స్‌కి చదివేవాణ్ణి. లాప్‌టాప్‌లో చోటు చాలక, నోట్సంతా పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, డి డ్రైవును సి లో కలిపేశాను. పనిలో పనిగా డిస్కులో పేరైనా లేని ఓ చిన్న పార్టిషన్‌నూ పీకేశాను. అదెందుకుందో కనుక్కునే ఓపిక నాకెక్కడిది! మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెరే.

పక్కగది తెలుగన్న వచ్చి చూశాడు.

"బూట్ అయ్యేదాన్నే తీసేసినవ్ కదరా! పెన్‌డ్రైవ్ ఇయ్యి, నా లాప్‌టాప్ నుంచి దాంట్ల విండోస్ ఎక్కించుకొస్త. పెన్‌డ్రైవ్ మొత్తం తుడిచి ఫార్మాట్ చెయ్యాలె. దాంట్ల ఏమన్న ఉందా?"

"ఏం లేదన్నా, ముందు దీని సంగతి చూడు!" అని కసిరాను.

గంటకు తెర వెలిగింది.

"ఠీక్ హై, ఇగ కూసొని చదువుకో," అంటూ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. దాన్ని చూశాకగానీ నా రెండేళ్ల నోట్సు గుర్తుకు రాలేదు.