బియ్యపు గింజంత పేస్టు

బాబాయ్ పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను గుంటూరులో, నేను పనిచేసే కాలేజీ ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ విప్పుకుని కూర్చున్నాను. "గుండెపోటంట. టీ తాగి గ్లాసు కింద పెట్టాడంట, అంతే," అంది అమ్మ. నా బొటనవేలికి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంది. విప్పింది మూయకుండా లేవకూడదని నేర్పినవాడు ఆయనే. అందుకని మూశాను. నాలుగు స్క్రూలూ బిగించి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకుని, అప్పుడు నరసరావుపేట బస్సెక్కాను.

ఆయనకీ నాకూ రక్తసంబంధం లేదు. మా వీధిలో మూడిళ్ళ అవతల ఉండేవాడు కాబట్టి బాబాయ్, ఆయన భార్య పిన్ని. బజారులో మంచం పట్టేంత కంప్యూటర్ రిపేరు షాపు ఆయనది. బీటెక్ అయి, ఉద్యోగం రాక, ఇంట్లో కనబడిన ప్రతివాళ్ళ మీదా విసుక్కుంటున్న ఏడాది నా లాప్‌టాప్ ఊరికే ఆగిపోతుంటే పట్టుకెళ్ళాను. ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోయిందన్నాడు. ఆ పేస్టు ఎందుకో నాకు తెలుసని చూపించుకోవాలనిపించింది. అద్దంలా కనిపించే రెండు లోహపు ముఖాల మధ్య కంటికి ఆనని గుంటలుంటాయనీ, వాటిలో గాలి నిలిస్తే ప్రాసెసర్ వేడి పైనున్న కూలర్‌కి చేరదనీ, ఆ గుంటలు పూడ్చడానికే పేస్టనీ గబగబా ఒప్పజెప్పాను.

"మాట బాగానే ఉందమ్మాయ్. చెయ్యి ఎట్టుందో చూద్దాం, రేపటి నుంచి రా," అన్నాడు.

మర్నాడు నా మొదటి ప్రయోగానికి ఆయన ఇచ్చింది షాపులో తను రోజూ వాడుకునే కంప్యూటరే. బాబాయ్‌కి తాంబూలం అలవాటు. పాఠం కూడా అందులోంచే వచ్చింది. "ఆకుకి సున్నం రాస్తాం చూడు. ఎక్కువైతే నోరు పొక్కిద్ది, తక్కువైతే ఆకు ఆకులాగే ఉంటది. ఇదీ అంతే. నడిమధ్యన బియ్యపు గింజంత పెట్టు. మిగతాది కూలర్ బరువు చూసుకుంటది."

నేను బియ్యపు గింజ దగ్గర ఆగలేదు. ఎక్కువుంటే మంచిదే కదా అని సిరంజి నొక్కుతూ పోయాను. కూలర్ దించేసరికి నాలుగు పక్కలా పొంగింది.

"ఏందమ్మాయ్, ఇడ్లీకి చట్నీ వేశావా?"

"తుడిచి మళ్ళీ వేస్తా బాబాయ్."

"ఇవాల్టికి ఉండనీలే. బోర్డు మీద పడలేదు గదా. బిగించు."

నేను ఇంటికి వెళ్ళాక ఆయనే విప్పి సరిచేసుకుని ఉంటాడనుకున్నాను. ఎందుకంటే ఎవరి మిషనూ అలా వదిలేసే మనిషి కాదు.

పేస్టు ఎంచుకోవడంలోనూ ఆయన పద్ధతి ఆయనదే. సొరుగులో రెండు రకాలుండేవి. తెల్లది టైపింగు, బిల్లులు చేసుకునే ఆఫీసులకి. బూడిదరంగుది పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియోలకి, పొద్దస్తమానం ఆటలాడే కుర్రాళ్ళకి. ఖరీదుదే వెయ్యమని పట్టుబట్టినవాళ్ళకి కూడా అక్కర్లేకపోతే వేసేవాడు కాదు. "రెంటచింతల ఎండలో కూడా కారిపోకుండా, ఎండిపోకుండా ఉండాలి. పేరుతో నీకేం పని?" అనేవాడు. దుమ్ము పోవాలని నోటితో ఊదితే మాత్రం కోపం వచ్చేది. "ఉఫ్ అనబాకు! తుంపర పడిద్ది." బ్రష్షు పట్టుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని షాపు ముందు అరుగు మీద ఆయన దుమ్ము దులుపుతుంటే దారినపోయేవాళ్ళు దొంగోడేమోనని తొంగిచూసేవాళ్ళు.

నేను చేరిన రెండో నెలలో పిడుగురాళ్ళ వైపు నుంచి ఒక సున్నపు బట్టీ గుమాస్తా వచ్చాడు. సీపీయూని బండి ట్యాంకు మీద పెట్టుకుని, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. పది నిమిషాలు కూడా నడవకుండా ఆఫైపోతోందట. కూలర్ ఎత్తి చూస్తే లోపల తెల్లగా, పెళుసుగా, పెచ్చులు పెచ్చులుగా ఉంది.

"ఇదేంటండీ?"

"దుమ్ము దులుపుదామని విప్పానమ్మా. తెల్లది ఎండిపోయి ఉంది. సున్నమే గదా అని మా బట్టీలోది మెత్తగా కలిపి రాశా."

నేను పగలబడి నవ్వాను. "వక్క కూడా పెట్టలేకపోయారా!" అన్నాను. గుమాస్తా ముఖం వాడిపోయింది.

బాబాయ్ నన్ను షాపు వెనక్కి పిలిచాడు. "నవ్వబాకమ్మాయ్. తెలియక చేశాడు. చేసింది చేసినట్టు చెప్పాడు. నవ్వుతావని రేపు ఇంకోడు దాస్తే, జబ్బెక్కడుందో నీకెట్టా తెలుస్తది?"

సిగ్గేసింది. సిగ్గులో తొందర. ప్రాసెసర్ తుడిచి, కూలర్ అడుగు మీద గుడ్డ అలా తిప్పి, పేస్టు పెట్టి పంపించేశాను. మూడో రోజు గుమాస్తా మళ్ళీ అదే సీపీయూతో దిగాడు. ఈసారి నా వైపు చూడలేదు.

"అమ్మాయి చేతిలో పెట్టబాకయ్యా. నువ్వే చెయ్."

ఆ ఏడాదంతా ఇంటర్వ్యూల్లో వద్దనిపించుకున్నదాన్ని. ఇక్కడ కూడా వద్దంటే ఇంక దేనికీ పనికిరానని తేలిపోయినట్టే. సంచీ భుజాన వేసుకున్నాను, మళ్ళీ రాకూడదని. బాబాయ్ చేస్తున్న పనిలోంచి తల కూడా ఎత్తలేదు.

"ఆ పిల్లే చేస్తది. నువ్వు కూర్చో, టీ చెప్తా."

"నాకు పని చానా ఉంది..."

"ఉంటది. చెడగొట్టిన చేత్తోనే బాగుచేయాల. లేకపోతే ఆ చెయ్యి రేపటి నుంచి భయపడిద్ది."

సంచీ దించాను. కూలర్ తిప్పి చూస్తే నున్నగానే ఉంది. "చూపుని నమ్మబాకు, గోరుని నమ్ము," అన్నాడు బాబాయ్ అక్కడి నుంచే. గోరు ఆనించి జరిపితే తగిలింది, ఉప్పురవ్వంత సున్నపు పలుకు. కూలర్‌ని ప్రాసెసర్‌కి ఆననివ్వకుండా అడ్డం పడుకుంది. బాబాయ్ పాత పంచె ముక్కని స్పిరిట్‌లో తడిపి అరగంట తుడిచాను. బియ్యపు గింజంత పెట్టాను. స్క్రూలు ఎదురెదురు మూలల నుంచి కొంచెం కొంచెంగా బిగించాను. గుమాస్తా రెండో టీ అయ్యేదాకా మిషను నడిచింది, భోజనం చేసొచ్చేదాకా నడిచింది. తరవాత ఎప్పుడొచ్చినా ఆయన గుమ్మంలోంచే అడిగేవాడు, "అమ్మాయి లేదా?" అని.

ఇవాళ నా ఉద్యోగం ఆ అరగంట మీద నిలబడి ఉంది. బాబాయ్‌కి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. చెబితే, "పేస్టు ఎండిపోయిద్ది, ముందు పని చూడు," అనేవాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక పిన్ని నన్ను పక్కకి పిలిచింది. "ఏమే, మీ బాబాయ్ కంప్యూటరు ఐదు నిమిషాలకే ఆగిపోతంది. మా ఇద్దరి ఫొటోలన్నీ అందులోనే ఉన్నయ్. ఒక్కటి కూడా తీయించి గోడకి పెట్టలా."

షాపు తెరిచాం. స్క్రూలు విప్పి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ కదిపి ఎత్తాను. ప్రాసెసర్ చుట్టూ నాలుగు పక్కలా పొంగి, ఎండి, గట్టిపడ్డ చట్నీ. నాదే. ఐదేళ్ళుగా ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఊళ్ళోవాళ్ళ మిషన్లన్నిటికీ లెక్కగా గింజంత పెడుతూ, తను మాత్రం నా మొదటి తప్పు మీదే రోజూ పనిచేసుకున్నాడు. తీరిక లేకా, తీయబుద్ధి కాకా? అడగడానికి మనిషి లేడు.

తుడవడానికి చెయ్యి రాలేదు. "ఏమైందే?" అంది పిన్ని. ఏం లేదన్నాను. పాతదాని మీద కొత్తది వేస్తే రెండూ దండగ అనేవాడు. కొక్కేనికి వేలాడుతున్న పంచె గుడ్డ తీసి, స్పిరిట్‌లో తడిపి, తుడిచాను. గోరుతో చూశాను. గింజంత పెట్టాను.

నేను బిగించి ఆన్ చేస్తే, పిన్ని స్టూలు లాక్కుని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలైంది. ఆరైంది. తెర మీది ఫొటోలో బాబాయ్, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చేతిలో బ్రష్షుతో, కళ్ళతోనే నవ్వుతున్నాడు. "దొంగోడు," అంది పిన్ని.

బల్ల మీద పంచె ముక్క ఆరుతోంది. దాని మధ్యన ప్రాసెసర్ అంత బూడిదరంగు మరక. ఫ్యాన్ గాలికి దాని అంచు లేస్తోంది, పడుతోంది.