పక్కింటి పాప పగటి నిద్ర

ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌కి ఐస్‌లాండ్ నుంచి ఒక బాస్కెట్‌బాల్ ప్లేయర్ వచ్చింది. ఇక్కడి టీమ్‌తో కాంట్రాక్ట్. జనవరిలో ఒక ఉదయం తన పసిపాపని స్ట్రోలర్‌లో, బయట చలిలో పడుకోబెట్టి లోపల కాఫీ తాగుతోంది.

తలుపు బాది, "పిల్లకి జబ్బు చేస్తే?" అని నిలదీశాను.

"మా దేశంలో పిల్లలందరూ పగలు ఇలాగే పడుకుంటారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను" అంది.

వాదన తెగకముందే పోలీసు కారొచ్చింది. ఎవరో ఫోన్ చేశారట. ఆవిడ ముఖం పాలిపోయింది. కేసయితే కాంట్రాక్టూ, వీసా రెండూ పోతాయి. వీసా భయం గురించి నాకొకరు చెప్పాలా?

"నేనిక్కడే ఉన్నాను ఆఫీసర్. ముట్టుకుని చూడండి, పాప వెచ్చగా ఉంది" అన్నాను.

ఆయన చూసి, హెచ్చరించి వెళ్లిపోయాడు.

ఆవిడ చేసింది తప్పేనని ఇప్పటికీ అంటాను. ఆ గొడవేదో పడటానికి పక్కింటిదాన్ని నేనున్నాను కదా, మధ్యలో పోలీసులెందుకు?