అల్ ఖోర్ రోడ్డు మీద పోశన్న

పోశన్నకు కోపం ముక్కు మీదే ఉండేది. జగిత్యాల పక్క పల్లె నుంచి గల్ఫుకు వచ్చి, అల్ ఖోర్ కూలీల క్యాంపులో నా పక్క మంచం మీద ఆరేళ్ళు పడుకున్న మనిషి. నేను గుంటూరు వాణ్ణి, ఏసోబుని. పప్పులో ఉప్పు తగ్గిందని గిన్నె గోడకేసి కొట్టినవాడే, నాకు జ్వరమొస్తే మూడు రోజులు గంజి కాచి పోశాడు.

శుక్రవారం కంపెనీ బస్సు నడవదు. కొత్తగా పోసిన స్లాబుకు మాత్రం సెలవు లేదు, నీళ్ళు పట్టకపోతే పగులుతుంది. ఆ డ్యూటీ పోశన్నది. పన్నెండు కిలోమీటర్లు సైకిలు తొక్కేవాడు. చెల్లెలు స్వర్ణ పోరగా పోరగా ఆమె మొగుడు నర్సింగ్‌కు వీసా తెప్పించి, బావను కూడా క్యారియరు మీద ఎక్కించుకుపోయేవాడు.

తొంభై అయిదు డిసెంబరులో ఒక శుక్రవారం. పొద్దున చెయ్యి చాస్తే కనపడనంత మంచు, మధ్యాహ్నం చెమట పట్టే ఎండ. పని ముగిసేసరికి పడమట మబ్బు నల్లగా ఉబ్బింది.

"ఆగి పోదాం బావా," అన్నాడు నర్సింగ్.

"గాలి లేసింది. మబ్బును ఎత్తుకవోతది. కూసో," అన్నాడు పోశన్న.

గాలి మబ్బును వదిలేసి వాళ్ళ మీద పడింది. ముందు ఇసుక కళ్ళలో పొడిచింది, ఆ వెంటనే వడగళ్ళు నెత్తి చిట్లేలా కొట్టాయి. ఒక్క తోపుతో సైకిలు రోడ్డు మధ్యకు పోయింది. ఎదురొచ్చిన పికప్ బండి నర్సింగ్ తొడను చీల్చేసి ఆగింది.

డ్రైవరు ఖాసీం, పెషావరు వాడు, దూకి పరుగెత్తుకొచ్చాడు. గాయానికి కట్టడానికి తలగుడ్డ విప్పుతున్నాడు. మన ఊళ్ళ సంగతి తెలిసిందే. బండి మనిషిని గుద్దితే ముందు డ్రైవర్ని తన్నాలి, తక్కినవన్నీ తర్వాత. ఒకడు తంతుంటే పదిమంది దెబ్బతిన్నవాణ్ణి మోస్తారు కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. ఈ రోడ్డు మీద ఆ పదిమంది లేరు.

"నా చెల్లె పుస్తెలు తెంపినవ్ కదరా!" అంటూ పోశన్న సైకిలు పంపు తీసి బాదాడు. ఖాసీం చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక ఫట్టుమంది. అయినా ఆపలేదు.

"ఛోడో! వో మర్ రహా హై!" వదులు, అతను చచ్చిపోతున్నాడని ఖాసీం కిందపడి అరిస్తే అప్పుడు తిరిగి చూశాడు. నర్సింగ్ కింద ఇసుకంతా నెత్తుటి ముద్ద.

పోశన్నకు బండి నడపడం రాదు. ఖాసీంకు కుడిచెయ్యి లేవదు, అక్కడి బండ్లకు గేరేమో కుడివైపే. ఎడమ చేత్తో స్టీరింగు పట్టి ఖాసీం "ఖీంచో!" అన్నప్పుడల్లా పోశన్న గేరు లాగాడు. బండి గింజుకుంటూ ఏడెనిమిది సార్లు ఆగిపోయింది. ఆసుపత్రి చేరేసరికి నర్సింగ్‌కు ఊపిరి లేదు. తాను జారిపడితే చెయ్యి విరిగిందని ఖాసీం పోలీసులకు చెప్పాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మర్నాడు క్యాంపుకొచ్చిన పోశన్న ఒక్కటే అన్నాడు.

"బావ సచ్చిపోయిండు. గుద్దినోని చెయ్యి ఇరగ్గొట్టిన."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఓదారుస్తున్నాననుకుని, "మంచిపని చేశావు పోశన్నా. రెండో చెయ్యి కూడా విరగ్గొట్టాల్సింది," అన్నాను.

పిడికిలి నా మూతి మీద పడింది. రెండు పళ్ళు ఊడి చేతిలోకొచ్చాయి. నలుగురు పట్టుకుంటే గాని ఆగలేదు. ఆగాక నేల మీద కూలబడి తన చేతినే గచ్చుకేసి కొట్టుకున్నాడు.

"ఆ చెయ్యి మంచిగుంటె మా బావ బతుకుతుండె ఏసోబూ! నా చెల్లె పుస్తెలు తెంపింది నేనే!"